రాష్ట్రపతి అంగరక్షక దళం

భారత సైన్యంలో అన్నిటికన్నా పాత ఆశ్వికదళ రెజిమెంటు, హోదా వరుసలో అన్నిటికన్నా ముందుండే రెజిమెంటు ఒకటే: రాష్ట్రపతి అంగరక్షక దళం. 1773లో బనారస్‌లో పుట్టింది. 2023లో 250 ఏళ్లు నిండాయి. ఈస్టిండియా కంపెనీ గవర్నరు, తర్వాత గవర్నర్ జనరల్, ఆ తర్వాత వైస్రాయి, ఇప్పుడు రాష్ట్రపతి వెంట నడిచింది. మనుషుల సంఖ్య పరంగా చూస్తే చిన్న దళమే. నలుగురు అధికారులు, 20 మంది జూనియర్ కమిషన్డ్ అధికారులు, 198 మంది సవార్లు దీని మంజూరైన బలం. సహాయక సిబ్బంది వీరికి అదనం. ఒక మామూలు పదాతి బెటాలియన్ కన్నా చాలా చిన్నదైన ఈ దళం భారత గణతంత్రపు ప్రతి పెద్ద వేడుకలోనూ కనిపిస్తుంది.

టీవీలో పద్మ పురస్కారాల ప్రదానం చూసిన ప్రతి ఒక్కరూ వీళ్లను చూసే ఉంటారు. రాష్ట్రపతి కుర్చీ వెనక బొమ్మల్లా నిలబడే ఆరడుగుల మనుషులు వీళ్లే. కంటి రెప్ప కదిలిందో లేదో చూద్దామని పిల్లలు పందెం వేసుకునేది వీళ్ల మీదే. అయితే వీళ్లను రాష్ట్రపతి భవన్ అలంకారంగా మాత్రమే చూడటం పెద్ద పొరపాటు. ఉదయం గుర్రం మీద బల్లెం పట్టిన సవారే విమానం నుంచి పారాచూట్‌తో దూకడానికీ, సాయుధ వాహనం నడపడానికీ తర్ఫీదు పొందిన సైనికుడు. దళ చరిత్రంతా ఈ రెండు బతుకుల మధ్యే నడిచింది.

పుట్టుక

1773లో బెంగాల్ గవర్నరుగా ఉన్న వారన్ హేస్టింగ్స్ బనారస్‌లో తన రక్షణ కోసం 50 మంది రౌతులను ఎంపిక చేసుకున్నాడు. వీళ్లు కొత్తగా చేర్చుకున్న వాళ్లు కారు. 1760లో మీర్జా షాబాజ్ ఖాన్, ఖాన్ తార్ బేగ్ అనే ఇద్దరు సర్దార్లు సమకూర్చిన మొగలాయి ఆశ్వికదళం నుంచి ఏరి తెచ్చిన వాళ్లు. బనారస్ రాజు చేత్ సింగ్ మరో 50 మంది రౌతులను ఇవ్వడంతో దళం నూరుమందికి చేరింది. కెప్టెన్ స్వీనీ టూన్ మొదటి అధిపతి. ‘గవర్నర్ గారి మొగలాయి రౌతులు’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరుతో దళాన్ని పిలిచేవారు.

అదే బనారస్‌లో, ఎనిమిదేళ్లు తిరగకముందే, 1781లో హేస్టింగ్స్ ఆ చేత్ సింగ్‌నే డబ్బు కోసం పీడించి, నిర్బంధించబోయి, పెద్ద తిరుగుబాటుకు కారకుడయ్యాడు. రౌతులను కానుకగా ఇచ్చిన రాజు రాజ్యం పోగొట్టుకున్నాడు. కంపెనీ పాలన తీరు తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

దళం చేసిన తొలి పోరాటం ఎవరితోనో తెలిస్తే నేటి పాఠకులకు ఆశ్చర్యం కలుగుతుంది. 1773–74లో బెంగాల్‌లో కంపెనీ మీద తిరగబడిన సన్యాసుల మీదికి దీన్ని పంపారు. ఆ సన్యాసుల తిరుగుబాటునే నేపథ్యంగా తీసుకుని బంకించంద్రుడు తర్వాతి శతాబ్దంలో ‘ఆనందమఠం’ రాశాడు. వందేమాతరం ఆ నవలలోదే. ఆ సన్యాసులను అణచడానికి బయలుదేరిన దళం ఇవాళ ‘భారత్ మాతాకీ జై’ అనే నినాదం పెట్టుకుంది. రెండున్నర శతాబ్దాల్లో ఈ దేశం ఎంత దూరం నడిచి వచ్చిందో ఆ నినాదంలోనే ఉంది. సన్యాసుల తర్వాత 1774లో రొహిల్లాలతో జరిగిన యుద్ధంలోనూ దళం పాల్గొంది.

రిసాలా, దఫేదారు, సవారు

దళంలో హోదాల పేర్లు ఇప్పటికీ పాత ఆశ్వికదళానివే. అధిపతి సాధారణంగా కర్నల్ లేదా బ్రిగేడియర్ స్థాయి అధికారి. ఆయన కింద రిసాల్దార్లు, దఫేదార్లు, సవార్లు ఉంటారు. ఇవి తెలుగువాళ్లకు పరాయి మాటలు కావు. సవారీ చేయని ఊరు, దఫేదారు లేని కలెక్టరు కచేరీ మనకు ఒకప్పుడు లేవు. సికింద్రాబాద్‌లో బొల్లారం దగ్గర రిసాలాబజార్ ఉంది. రిసాలా అంటే గుర్రపు పటాలం. నిజాం కాలంలో హైదరాబాద్ కంటింజెంటు సేన అక్కడ విడిది చేసిన రోజుల గుర్తు ఆ పేరు. రాష్ట్రపతి దక్షిణాది విడిది రాష్ట్రపతి నిలయం ఉన్నది కూడా ఆ బొల్లారంలోనే. కోల్‌కతాలోని అలీపూర్‌లో పోలీసు నివాసాలున్న ఒక ప్రాంతాన్ని ఇప్పటికీ ‘బాడీగార్డ్ లైన్స్’ అనే పిలుస్తారు. పటాలాలు వెళ్లిపోయినా పేట పేర్లలో వాటి గిట్టల గుర్తులు చెరగవు.

ఇలాంటి అంగరక్షక దళం గవర్నర్ జనరల్‌కు ఒక్కడికే ఉండేది కాదు. మద్రాసు గవర్నరుకు 1778లోనే వేరుగా ఒకటి ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో మనవాళ్ల మీద ఏలుబడి చేసిన గవర్నరు వెంట నడిచింది ఆ దళమే. బొంబాయి, బెంగాల్ గవర్నర్లకూ తర్వాత సొంత దళాలు వచ్చాయి. స్వాతంత్ర్యంతో అవన్నీ రద్దయ్యాయి. నిలిచింది బనారస్‌లో పుట్టినదొక్కటే.

యుద్ధాలు, బిరుదులు, వాటి బరువు

తొలి డెబ్బై ఏళ్లలో ఈ దళం వేడుకలకన్నా యుద్ధాల్లోనే ఎక్కువ గడిపింది. అప్పటి గవర్నర్ జనరళ్లు స్వయంగా యుద్ధభూమికి వెళ్లేవారు కాబట్టి అంగరక్షకులూ వెళ్లేవారు. 1790–92లో టిప్పు సుల్తాన్‌తో జరిగిన మూడో మైసూరు యుద్ధంలో సేనను నడిపింది గవర్నర్ జనరల్ కార్న్‌వాలిసే. ఆ దండయాత్రలో ఆయన మీద జరిగిన హత్యాయత్నాన్ని అంగరక్షకులు అడ్డుకున్నారని దళ చరిత్ర చెబుతుంది. అంగరక్షక దళమన్న పేరుకు తగిన పని చేసిన సందర్భం అది.

1800 ప్రాంతంలో గుర్రాలతో లాగే తేలిక ఫిరంగులను దేశీయ సైనికులతో నడిపించే ప్రయోగం మొదలైంది. అందుకు మనుషులను ఇచ్చింది అంగరక్షక దళమే. 1801లో ఆ ఫిరంగి బృందం ఈజిప్టుకు ఓడెక్కింది. నెపోలియన్ వదిలి వెళ్లిన ఫ్రెంచి సేన మీదికి భారతదేశం నుంచి జనరల్ బెయిర్డ్ నడిపించిన దండు ఎర్ర సముద్రపు ఒడ్డున కొసైర్‌లో దిగి, ఎడారి దాటి నైలు నదిని చేరుకుంది. అవధ్, బీహార్ పల్లెల్లో పుట్టి పెరిగిన రౌతులు ఆ ఎండలో, ఆ ఇసుకలో, నీటి బావులను లెక్కపెట్టుకుంటూ ఫిరంగులను ఈడ్చుకు వెళ్లిన నడకను తలచుకుంటే కత్తి దూసిన యుద్ధం కన్నా అదే పెద్ద సాహసమనిపిస్తుంది.

1811లో గవర్నర్ జనరల్ మింటో జావా మీదికి స్వయంగా వెళ్లాడు. దళం ఆయన వెంటే వెళ్లి ‘జావా’ అనే యుద్ధ గౌరవాన్ని సంపాదించింది. మొదటి బర్మా యుద్ధం (1824–26) నుంచి ‘ఆవా’ వచ్చింది. 1843లో గ్వాలియర్ సేనతో మహారాజ్‌పూర్ దగ్గర పోరాడింది. 1845 డిసెంబరు నుంచి 1846 ఫిబ్రవరి వరకు, రెండు నెలల వ్యవధిలో, మొదటి సిక్కు యుద్ధంలో ముద్కీ, ఫిరోజ్‌షా, అలీవాల్, సోబ్రావ్ అనే నాలుగు పోరాటాలు చేసింది. అప్పటి గవర్నర్ జనరల్ హార్డింజ్ సేనాని గఫ్ కింద తానే రెండో స్థానంలో నిలిచి పోరాడాడు కాబట్టి దళానికి విశ్రాంతి దొరకలేదు.

ఈ పోరాటాలన్నీ కలిపి ఏడు యుద్ధ గౌరవాలు. వాటిలో ఐదు ఈ దేశపు మనుషుల మీద గెలిచినవి. స్వతంత్ర భారత సైన్యం ఇలాంటి గౌరవాల విషయంలో ఒక స్పష్టమైన వైఖరి తీసుకుంది. భారతీయులను లొంగదీసిన పోరాటాలకు పరాయి పాలకులిచ్చిన గౌరవాలను వేడుకగా జరుపుకోరు. చరిత్రలో ఉంటాయి, పండుగలో ఉండవు. ఇది సరైన పద్ధతేనని నా నమ్మకం. చెరిపేస్తే అబద్ధమవుతుంది, ఊరేగిస్తే అవమానమవుతుంది. సోబ్రావ్‌లో ఈ దళం ఎదురు నిలిచి పోరాడిన సిక్కుల బిడ్డలే 1883 నుంచి దీనిలో చేరడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు సగం దళం వాళ్లదే అయింది. అలాంటి దళంలో ఆ పేర్లను ఊరేగించడం ఎవరికీ శోభనివ్వదు.

ఎవరు చేరారు, ఎవరు చేరుతున్నారు

మొదట్లో అందరూ ముస్లిం రౌతులే. 1800 ప్రాంతంలో అవధ్, బీహార్‌ల నుంచి రాజపుత్రులను, బ్రాహ్మణులను చేర్చుకున్నారు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సైన్యం చూపంతా పంజాబు వైపు మళ్లింది. 1883లో సిక్కులు, 1887లో పంజాబీ ముస్లింలు వచ్చారు. 1895లో బ్రాహ్మణులను, రాజపుత్రులను చేర్చుకోవడం ఆగిపోయింది. అప్పటి నుంచి దేశ విభజన దాకా సగం సిక్కులు, సగం పంజాబీ ముస్లింలు. ‘యుద్ధ జాతులు’ అనే వలస కాలపు సిద్ధాంతం ఎలా పనిచేసిందో ఈ చిన్న దళపు చేరికల పట్టీలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌ల నుంచి జాట్లు, సిక్కులు, రాజపుత్రులు సమానంగా చేరుతున్నారు. కనీసం ఆరడుగుల పొడవుండాలి. అధికారులు మాత్రం దేశంలో ఏ ప్రాంతం వారైనా, ఏ కులం వారైనా కావచ్చు. సవార్ల ఎంపిక కొన్ని కులాలకే పరిమితం కావడం మీద కోర్టుల్లో పిటిషన్లు పడ్డాయి. వేడుకల్లో అందరూ ఒకే ఎత్తులో, ఒకే తీరులో కనిపించాలన్న పని అవసరం వల్లనే ఈ పద్ధతి ఉందని, కులం మతం ప్రాంతం ఆధారంగా వివక్ష లేదని సైన్యం 2013లో సుప్రీంకోర్టుకు చెప్పింది. 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మరో పిటిషన్ మీద కేంద్రానికి, సైన్యానికి నోటీసులిచ్చింది.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఒకే తీరు రూపం వేడుకకు అందమే. కానీ శ్రీకాకుళంలోనో, ఆదిలాబాద్‌లోనో ఆరడుగుల కుర్రవాడు లేకపోడు. దేశమంతటికీ చెందిన రాష్ట్రపతి వెనక దేశమంతటి నుంచి వచ్చిన మనుషులు నిలబడితే ఆ అందం తగ్గదు, పెరుగుతుంది.

1944: గుర్రం నుంచి పారాచూట్‌కు

రెండో ప్రపంచ యుద్ధం దళానికి కొత్త బతుకు నేర్పింది. 1944లో దీన్ని 44వ డివిజన్‌కు ముందస్తు నిఘా దళంగా మార్చారు. శత్రువు ఎక్కడున్నాడో ప్రధాన సేన కన్నా ముందు వెళ్లి చూసి రావడం దాని పని. ఆ డివిజన్ గాలిలోంచి దిగే వైమానిక డివిజన్‌గా మారింది. అలా అంగరక్షకులు పారాచూట్ సైనికులయ్యారు. ఆ వారసత్వం నేటికీ కొనసాగుతోంది. దళంలోని సైనికులు పారాచూట్ శిక్షణ పొందుతారు, మెరూన్ రంగు టోపీ పెడతారు. పారాచూట్ బ్రిగేడ్‌కు దారి చూపే బృందంగా, అంటే మిగతా సేన దూకే ముందు నేల మీదికి దిగి దిగాల్సిన చోటును గుర్తించే వాళ్లుగా, పనిచేసే బాధ్యత వీళ్లకుంది.

విభజన, నాణెం, బగ్గీ

1947 ఆగస్టులో దేశంతో పాటు దళమూ చీలింది. సైన్యంలో మిగతా ఆస్తుల్లాగే ఇక్కడా భారత్‌కు రెండు పాళ్లు, పాకిస్తాన్‌కు ఒక పాలు. సగం మంది పంజాబీ ముస్లింలు కావడం వల్ల ఈ చీలిక మిగతా పటాలాల కన్నా ఎక్కువ బాధించి ఉండాలి. ఒకే గుర్రపుసాలలో పక్కపక్కన గుర్రాలు తోమిన వాళ్లు రెండు దేశాల సైనికులయ్యారు. పాకిస్తాన్ వాటాకు వెళ్లిన వాళ్లతో అక్కడి అధ్యక్షుడి అంగరక్షక దళం ఏర్పడింది.

పంచుకోవడానికి వీలుకానిది ఒకటి మిగిలింది: బంగారు పూత పూసిన వైస్రాయి బగ్గీ. బండిని నరికి పంచలేరు గదా. చివరికి నాణెం ఎగరేసి తేల్చారని చెప్పుకుంటారు. భారత్ తరఫున లెఫ్టినెంట్ కర్నల్ ఠాకూర్ గోవింద్ సింగ్, పాకిస్తాన్ తరఫున సాహిబ్‌జాదా యాకూబ్ ఖాన్ ఎదురెదురుగా నిలిచారు. యాకూబ్ ఖాన్ తర్వాత పాకిస్తాన్ విదేశాంగ మంత్రి అయ్యాడు. నాణెం భారత్ వైపు పడింది.

1950 జనవరి 26న, బాబూ రాజేంద్రప్రసాద్ తొలి రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజు, ఆరు గుర్రాల బండిలో అంగరక్షకుల నడుమ ఢిల్లీ వీధుల్లోంచి ఇర్విన్ స్టేడియానికి వెళ్లాడు. నేటి మేజర్ ధ్యాన్‌చంద్ స్టేడియం అదే. వైస్రాయి దర్పానికి గుర్తయిన ఊరేగింపు మధ్యలో ఖద్దరు కట్టిన ఒక బీహారీ కూర్చున్నాడు. దారికి రెండు వైపులా జనం కేకలు వేసింది బండిని చూసి కాదు, ఆ బండిలో కూర్చున్నవాడు తమవాడు కాబట్టి. ఆ మర్నాడు, జనవరి 27న, దళానికి ‘రాష్ట్రపతి అంగరక్షక దళం’ అనే పేరు వచ్చింది.

గణతంత్ర దినాన రాష్ట్రపతి బగ్గీలో రావడం 1984 వరకు సాగింది. ఆ ఏడాది అక్టోబరులో ఇందిరాగాంధీ హత్య తర్వాత భద్రత కోసం ఆపేశారు. తలుపులు మూసిన కార్లు వచ్చాయి. 2014లో ప్రణబ్ ముఖర్జీ బీటింగ్ రిట్రీట్ వేడుకకు బగ్గీలో వెళ్లి మళ్లీ కదిలించారు. గణతంత్ర దినోత్సవానికి మాత్రం నలభై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 2024 జనవరి 26న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, అతిథిగా వచ్చిన ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ అదే బగ్గీలో కర్తవ్యపథ్‌కు వచ్చారు.

వెండి బాకా

దళానికి ఉన్న గౌరవాల్లో మరే పటాలానికీ లేనిది ఒకటుంది: రాష్ట్రపతి వెండి బాకా, ఆ బాకాకు కట్టే పతాకం. 1923లో దళానికి 150 ఏళ్లు నిండిన సందర్భంగా వైస్రాయి రీడింగ్ దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన ప్రతి వైస్రాయీ తన బాకాను, తన పతాకాన్ని ఇచ్చాడు. ఆ పతాకాల మీద వైస్రాయి వంశ చిహ్నం ఉండేది. ఫలానా ప్రభువుల ఇంట పుట్టాను అని చెప్పే ముద్ర అది.

1957 మే 14న రాజేంద్రప్రసాద్ తన బాకాను, పతాకాన్ని ప్రదానం చేసినప్పుడు వంశ చిహ్నానికి ఆయన దగ్గర ఏముంది? పేరుంది. పేరులోని అక్షరాలను అల్లిన ముద్రను కుట్టించారు. ఆ తర్వాత ప్రతి రాష్ట్రపతీ ఈ ఆచారాన్ని కొనసాగించారు. 2022 అక్టోబరు 27న ద్రౌపదీ ముర్ము తన పతాకాన్ని అందించారు. నాకు ఈ దళ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే. గుడ్డ అదే, జరీ అదే, ఊదే బాకా అదే. ముద్ర మాత్రం పుట్టుకను వదిలి మనిషి పేరును పట్టుకుంది. ఏ వంశంలో పుట్టారన్న ప్రశ్నే లేకుండా పోయింది. తెలుగు కుటుంబాల నుంచి వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి.గిరి, అనంతపురం జిల్లా ఇల్లూరు రైతు కుటుంబంలో పుట్టిన నీలం సంజీవరెడ్డి పేర్లు ఈ వరుసలోనివే. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ కూడా ఈ వరుసలోనే ఉన్నారు. దళానికి 200 ఏళ్లు నిండిన 1973లో రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది గిరి గారే.

వేషం, గుర్రం

శీతాకాలంలో ఎర్రటి పొడుగు కోటు, ఎండాకాలంలో తెల్లటి కోటు. నడుముకు బంగారు రంగు నడికట్టు. నీలం, బంగారు రంగుల తలపాగా. మోకాళ్ల దాకా వచ్చే నల్లని బూట్లకు మడమ దగ్గర గుర్రాన్ని అదిలించే ముళ్లు. చేతిలో దాదాపు మూడు మీటర్ల వెదురు బల్లెం, దాని కొసన ఎరుపు తెలుపు చిన్న జెండా. అధికారులు బల్లెం బదులు కత్తి పడతారు. ఆరడుగుల మనిషి, నిలువెత్తు గుర్రం, పైన బల్లెం, తలపాగా: ఇవన్నీ కలిసి సవారును మామూలు మనిషికి రెండింతలు చేసి చూపిస్తాయి. ఆ వేషాన్ని కుట్టించిన కాలంలో ఉద్దేశమూ అదే, చూసినవాడు తలెత్తి చూడాలని.

గుర్రాలు జేగురు రంగువి. బాకా ఊదేవాడి గుర్రం మాత్రం తెలుపు కలిసిన బూడిద రంగుది. పొగలోనూ దుమ్ములోనూ సైన్యాధిపతి తన బాకావాడిని దూరం నుంచే గుర్తుపట్టడానికి పాత ఆశ్వికదళాలన్నీ పాటించిన పద్ధతి ఇది. సైన్యంలో మిగతా గుర్రాల జూలు కత్తిరిస్తారు. నిండు జూలు పెంచుకునే హక్కు ఈ దళపు గుర్రాలకే ఉంది. ఎక్కువ గుర్రాలు ఉత్తరాఖండ్‌లోని హెంపూర్‌లో సైన్యం నడిపే గుర్రాల శిక్షణ కేంద్రం నుంచి వస్తాయి.

గుర్రపు పటాలమంటే పనికి అంతుండదు. తెల్లవారకముందే గుర్రపుసాలలో పని మొదలవుతుంది. మాలీసు చేయాలి, గిట్టలు శుభ్రం చేయాలి, లాడాలు చూడాలి, దాణా పెట్టాలి, జీను తోలుకు నూనె పట్టించాలి, ఇత్తడి మెరిసేదాకా రుద్దాలి. గుర్రం రోజూ నడవకపోతే కాళ్లు పట్టేస్తాయి. సెలవు రోజున కూడా దానికి మేత, నీళ్లు, నడక తప్పవు. వేడుకలో మనం చూసే పది నిమిషాల వెనక ఉన్నదంతా ఈ రోజువారీ చాకిరీయే. పటాకుల చప్పుడుకు, ఫిరంగి మోతకు, జనం కేకలకు గుర్రం బెదరకుండా ఉండటం నెలల తరబడి ఓపికగా నేర్పితే గానీ రాదు. కొత్త సవారు శిక్షణ ముగించాక తన కత్తిని దళాధిపతి ముందు చాపుతాడు. అధిపతి ఆ కత్తిని తాకుతాడు. అంతటితో అతని ఆయుధాన్నీ, విధేయతనూ దళం స్వీకరించినట్టే.

భారత సైన్యంలో గుర్రాలు నిలుపుకున్న మరో పెద్ద పటాలం జైపూర్‌లోని 61వ కావల్రీ. సంస్థానాల గుర్రపు దళాలను కలిపి 1953లో దాన్ని ఏర్పాటు చేశారు. గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్రపతి ముందు నుంచి సాగే గుర్రపు వరుస ఆ పటాలానిది. రాష్ట్రపతితో పాటు వచ్చి, తిరిగి వారితోనే వెళ్లేది అంగరక్షక దళం. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

స్వతంత్ర భారత యుద్ధాల్లో

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు దళపు సాయుధ కార్లను విమానాల్లో లద్దాఖ్‌లోని చుషూల్‌కు తరలించారు. సముద్రమట్టానికి 14,000 అడుగుల పైన, ఊపిరి ఆడటమే కష్టమైన చోటు అది. అప్పటికి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయి ఆరు నెలలు. తత్వశాస్త్ర ఆచార్యుడి కుర్చీ వెనక నిన్నటిదాకా నిలబడిన దళం వాళ్లే ఇవాళ మంచుగాలిలో తుపాకులు పట్టుకుని కాపలా కాశారు. 1965లో పాకిస్తాన్ సరిహద్దున మోహరించింది. శ్రీలంకకు వెళ్లిన శాంతి సేనలో పనిచేసింది. సియాచిన్ హిమానీనదం మీద దళ సైనికులు వంతులవారీగా విధులు నిర్వహించారు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో సోమాలియా, అంగోలా, సియెర్రా లియోన్‌లకు వెళ్లారు. గుర్రపుసాల పక్కనే సాయుధ వాహనాల షెడ్డు ఉండటం ఈ దళానికి రోజువారీ సంగతి.

వేడుకలు

విదేశాధినేత వచ్చినప్పుడు రాష్ట్రపతి భవన్ ముందు ప్రాంగణంలోకి అతిథి కారును గుర్రాల మీద తోడుకొని వచ్చేది ఈ దళమే. రాష్ట్రపతి పార్లమెంటు ఉభయసభల్లో ప్రసంగించడానికి బయలుదేరినప్పుడు, గణతంత్ర దినోత్సవానికి, జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్‌కు వెంట నడుస్తుంది. కొత్త రాయబారులు నియామక పత్రాలు సమర్పించేటప్పుడు, పురస్కారాల ప్రదానాల్లో, ప్రమాణ స్వీకారాల్లో లోపలి మండపాల్లో నిలబడుతుంది. 2024 జులైలో దర్బార్ హాల్ పేరును గణతంత్ర మండపంగా మార్చారు. నిలబడే తీరు మారలేదు.

సామాన్యులు ఈ దళాన్ని దగ్గర నుంచి చూడాలంటే మంచి అవకాశం రాష్ట్రపతి భవన్‌లో జరిగే కాపలా మార్పిడి వేడుక. పాత కాపలా దిగి కొత్త కాపలా ఎక్కే సైనిక ఆచారం అది. పదాతి దళంతో పాటు అంగరక్షకులు గుర్రాల మీద, సైనిక వాద్యాల మధ్య కవాతు చేస్తారు. 2025 ఫిబ్రవరి 22 నుంచి భవన్ ముందు ప్రాంగణంలో కొత్త రూపంలో, ఇంకా ఎక్కువ మంది చూసేలా దీన్ని జరుపుతున్నారు. ఢిల్లీ వెళ్లేవాళ్లు ముందే పేరు నమోదు చేసుకుంటే శనివారాల్లో చూడవచ్చు. పిల్లలను తప్పక తీసుకెళ్లండి. ముందు వరుసలో కూర్చుంటే నేల మీద గిట్టల అదురు కాళ్లకు తెలుస్తుంది.

విరాట్

దళపు ఇటీవలి చరిత్రలో జనం ఎక్కువగా గుర్తుంచుకున్నది ఏ అధికారి పేరూ కాదు, ఒక గుర్రం పేరు. విరాట్ హనోవేరియన్ జాతి గుర్రం. 2003లో హెంపూర్ నుంచి దళంలోకి వచ్చింది. దళాధిపతి ఎక్కే గుర్రంగా పదమూడు గణతంత్ర దినోత్సవ కవాతుల్లో నడిచింది. గొడవ తెలియని శాంత స్వభావం, వయసు మీద పడ్డా తగ్గని క్రమశిక్షణ దానివి. 2022 జనవరిలో సైన్య దినోత్సవ సందర్భంగా సైన్యాధిపతి ప్రశంసా పత్రం ఇచ్చారు. అదే నెల 26న కవాతు ముగిసి, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ తిరిగి వెళ్లబోయే ముందు ఆగి, విరాట్ మెడ మీద చెయ్యి వేసి నిమిరారు. ప్రధాని నరేంద్ర మోదీ, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ కూడా నిమిరారు. విరాట్ ఆ రోజే పదవీ విరమణ చేసింది.